తడి జీబీ, పొడి జీబీ

మా ఆయన రాంబాబు కిరండూల్ గనుల్లో ఇనుప ఖనిజం తూచే ఉద్యోగం చేస్తారు. కొండ మీద తవ్విన సరుకు బెల్టుల మీద కిందికి దిగి, వ్యాగన్లలో పడి, విశాఖపట్నం దారి పట్టే ముందు ఆయన కళ్ళ ముందు నుంచి నెమ్మదిగా దాటుతుంది. అప్పుడు తెర మీద పడే అంకె కింద ఆయన సంతకం చేస్తే, ఆ రైలు బరువు అంతే. దేవుడొచ్చి చెప్పినా మారదు.

ఇంట్లో కూడా ఆ అలవాటు పోలేదు. కూరగాయల సంచీ అందుకోగానే చేత్తో పైకీ కిందికీ ఒకసారి ఆడించి, "వంకాయల్లో వంద గ్రాములు పోనాయే" అంటారు. కాటా పెట్టి చూస్తే నిజంగానే పోయుంటాయి. ఈ విద్య చూసి కాలనీ మార్కెట్ కమిటీలో ఆయన్ని మెంబరుగా వేసుకున్నారు. అప్పట్నించీ కూరగాయల వాళ్ళు నన్ను చూడగానే కాటా పళ్ళెం తుడవడం మొదలుపెడతారు. తక్కువ తూచినట్టు రుజువైతే మార్కెట్లో గది రద్దు. అదీ కమిటీ నియమం, అదీ మా ఆయన గర్వం.

ఆయనకున్న ఏకైక సరదా గూడ్సు రైళ్ళ వీడియోలు తీయడం. సొరంగంలోకి దూరే రైలు, సొరంగంలోంచి వచ్చే రైలు, వానలో రైలు, ఎర్రదుమ్ములో రైలు. మా పెళ్ళి వీడియోలో నేను కనిపించే దానికన్నా ఆయన వీడియోల్లో ఆ సొరంగం ఎక్కువసేపు కనిపిస్తుంది. ఆయన ఫోను నిండింది. ల్యాప్‌టాప్ నిండింది. "ఇంక నీ దాంట్లో పెడతాను" అని నా ఫోను కూడా నింపేశాక, ఆవకాయ జాడీ ఫోటో తీసుకోవడానికి కూడా చోటు లేక, "ఒక హార్డ్ డిస్క్ కొనుక్కోండి మహానుభావా" అన్నాను.

మార్కెట్లో రామతులసి షాపు ఉంది. భోపాల్‌పట్నం అమ్మాయి. ముప్పై దాటినా మా కాలనీ లెక్కలో సొంతంగా షాపు పెట్టినావిడ ఇంకా అమ్మాయే. జిరాక్సు, ఆన్‌లైన్ పనులు, పెన్‌డ్రైవ్‌లు, ఫోను సామాన్లు. గది వెనకవైపు చిన్న వాటాలో ఆమె, తల్లి, ఇక్కడి బడిలో చదువుతున్న కూతురు ఉంటారు. మా ఆయన వెళ్ళి ఒక టీబీ డిస్క్ తెచ్చుకున్నారు. అరచేతిలో ఇమిడేంత నల్లటి డబ్బా. తెచ్చి టేబుల్ మీద పెట్టి ల్యాప్‌టాప్‌కి తగిలించారు. నేను వంటింట్లో ఉన్నాను.

"లలితా, ఇలగ రా. ఇదేటిది?"

"తొమ్మిది వందల ముప్పై ఒకటి." వచ్చి తెర మీది అంకె చదివాను.

"ఏటి, తొమ్మిది వందల ముప్పై ఒకటి?"

"జీబీ."

"డబ్బా మీద ఏటుంది?"

"ఒక టీబీ."

"టీబీ అంటే?"

"వెయ్యి జీబీ."

"మరి మిగతా అరవై తొమ్మిది ఏటైపోనాయి?"

"మీరేమైనా పెట్టారా అందులో?"

"ఏటీ పెట్టలేదే! ఖాళీ వ్యాగనే తూచాను."

నేను డిగ్రీలో లెక్కలు చదివాను. ఆ సంగతి మా ఇంట్లో రేషన్ కార్డు మీద లేదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. తయారుచేసిన వాళ్ళు వెయ్యి చొప్పున లెక్కపెడతారు, కంప్యూటరు వెయ్యిన్ని ఇరవై నాలుగు చొప్పున కట్టలు కడుతుంది, అందుకే కట్టలు తక్కువ కనిపిస్తాయి అని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"నువ్వు చదివినప్పుడు జీబీలు లేవు" అన్నారు.

అది నిజమే. లేచి చొక్కా వేసుకుని షాపుకు వెళ్ళారు. కొత్తిమీర కావాలి కాబట్టి నేనూ వెళ్ళాను.

సాయంత్రం మార్కెట్ నిండుగా ఉంది. రామతులసి కూడా నేను చెప్పిందే చెప్పింది, నాకన్నా ఓపిగ్గా. "డబ్బా మీద వెయ్యి తోటి లెక్క రాస్తరు సార్. కంప్యూటర్ వెయ్యిన్ని ఇరవై నాలుగు తోటి చూపెడ్తది."

"వెయ్యికి ఇరవై నాలుగంటే నూటికి రెండున్నర కూడా లేదు. ఇక్కడ నూటికి ఏడు పోనాది. మిగతా నాలుగున్నర ఎవరు తిన్నారు?"

ఆ ప్రశ్న మంచి ప్రశ్న. నేను కూడా కొత్తిమీర పక్కన పెట్టి విన్నాను.

"ఒక్కసారి కాదు సార్, మూడు మెట్లున్నయ్. బైట్ల కెల్లి కేబీ, కేబీ కెల్లి ఎంబీ, ఎంబీ కెల్లి జీబీ. మెట్టు మెట్టుకు ఇరవై నాలుగు ఎక్కువ పెడ్తది."

"మెట్టు మెట్టుకీ సరుకు తగ్గితే వాటిని మెట్లు అనరమ్మా, చిల్లులు అంటారు. మా బెల్టు మారినచోటల్లా ఖనిజం రాలిపోతే ఊరుకుంటామా?"

"గిది ఖనిజం కాదు సార్."

"అందుకే అడుగుతున్నాను. ఖనిజమైతే తేమ ఆరిందనుకుందును. వానాకాలం సరుకులో ఏడు శాతం నీళ్ళు మామూలే. దీంట్లో ఏటి ఆరింది?"

చుట్టూ జనం చేరారు. ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మా ఆయన తల ఊపుతూ, "అవునమ్మా, అవును. అలగే, అలగే" అన్నారు. ఆయన తల అలా ఊపారంటే ఒక్క ముక్క నమ్మలేదని అర్థం. కాలనీలో అందరికీ ఆ ఊపు తెలుసు.

మర్నాటికి ఇంటింటా పెన్‌డ్రైవ్‌లు బయటికొచ్చాయి. ముప్పై రెండుది చూస్తే ఇరవై తొమ్మిది చిల్లర. అరవై నాలుగుది చూస్తే అరవై కూడా లేదు. ఎన్నో ఏళ్ళుగా హాయిగా వాడుకుంటున్న వాళ్ళందరికీ తాము మోసపోయామని ఒక్క పూటలో తెలిసింది. రాంబాబు గారు తూచి చెప్పారట! ఇంకేం కావాలి? షాపు ముందు వరస కట్టారు, కొనడానికి కాదు. మా ఆయన కమిటీకి ఫిర్యాదు ఇచ్చేశారు. శనివారం సమావేశం. గదుల గడువు పొడిగించేది కూడా ఆ సమావేశంలోనే.

గురువారం మధ్యాహ్నం రామతులసి మా పెరటి వైపు నుంచి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఏందక్కా గిది? సార్‌కు జర చెప్పరాదు."

"చెప్పాను. నేను చదివినప్పుడు జీబీలు లేవట."

"నవ్వకు అక్కా. శనివారం గది తీసేస్తే మళ్ళ భోపాల్‌పట్నమే. అక్కడ కరెంటుంటే నెట్టుండదు, నెట్టుంటే కరెంటుండదు. మా పిల్ల బడి ఈడనే. ఇప్పుడే తోటి పిల్లలు 'మీ అమ్మ జీబీల దొంగ' అంటున్నరంట." కొంగుతో ముఖం తుడుచుకుంది. "దొంగ అననీ. జీబీలు ఎట్ల దొంగతనం జేస్తరో నాకు నేర్పమను, చేస్త."

ఆమె వెళ్ళాక నేను వరండాలో కూర్చుని కరివేపాకు దూస్తున్నాను. మా ఆయన అక్కడే ఫోనులో ఉన్నారు, బచేలీలో ఆయన స్నేహితుడితో. ఆయన ఫోను మాట్లాడితే గనిలో మందుగుండు పేల్చే ముందు చేసే హెచ్చరికలా ఉంటుంది. అదే సమయానికి మీనా గేటు దగ్గరకు వచ్చింది. మీనా మా వార్డు మితానిన్. అంటే ఇంటింటికీ తిరిగి పసిపిల్లల టీకాలు, జ్వరాలు కనుక్కునే ఆరోగ్య కార్యకర్త. ఈ నెల వాళ్ళకు క్షయ సర్వే. రెండు వారాలకు మించి దగ్గు ఎవరికుందో అడగాలి.

ఆమె నోరు తెరిచేలోపు మా ఆయన గొంతు లేచింది.

"ఆఁ, టీబీయే! ఒకటే... మొన్నే. బజార్లో తగులుకుంది... ముందు ఎలగ తెలుస్తాది? ఇంటికొచ్చి చూసుకుంటే బయటపడింది... ఏడు శాతం పోనాది. ఇంక అది తిరిగి రాదంటన్నారు... బచేలీలో నీకూ ఉందా? రెండా! ఎన్నాళ్ళయింది? నీకు తెలీదు కానీ నీకూ తగ్గే ఉంటాది. చూపించుకో, చూపించుకో."

మీనా చున్నీ ముక్కు మీదికి లాక్కుంది.

"దీదీ, సార్‌కా?"

"వింటున్నావుగా" అన్నాను.

"బచేలీ సార్‌కి రెండా?"

"అలాగే అంటున్నట్టున్నారు."

నేను అవుననలేదు, కాదనలేదు. కరివేపాకు లేతగా ఉంది, ఈనెలు తీసుకుంటూ ఉన్నాను.

మీనా మంచి మనిషి. ముక్కు మీద చున్నీ ఉన్నా కళ్ళతోనే ధైర్యం చెప్పింది. "గాబరా వద్దు దీదీ. మందులు ముఫ్త్, పైసా పడదు, ఆరు నెలలు. తగ్గిపోతుంది. గిన్నెలు వేరు పెట్టడం, మంచం వేరు వేయడం ఏం అవసరం లేదు, జనం ఊరికే అంటారు." మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి గేటు దిమ్మె మీద పెట్టింది. "పొద్దున లేవగానే, ముఖం కడగకముందు, లోపల నుంచి తీసి ఉమ్మాలి. ఉత్త లాలాజలం కాదు. సార్‌కి చెప్పు."

ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అది ఆమె ఉద్యోగ ధర్మం. కానీ మా ఇంటికి అటు నాలుగిళ్ళు, ఇటు నాలుగిళ్ళు మళ్ళీ తిరిగి, ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా, రాంబాబు సార్‌తో ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారు అని అడిగింది. అదీ ఆమె ఉద్యోగ ధర్మమే. కాలనీకి ఆ మాత్రం చాలు.

శుక్రవారం మా ఆయన డ్యూటీ నుంచి మధ్యాహ్నానికే వచ్చేశారు. బూట్లు విప్పకుండా కుర్చీలో కూర్చున్నారు.

"ఏమైంది?"

"కాంటీనులో నాకు కాగితం కప్పులో టీ ఇచ్చాడే. అందరికీ గాజు గ్లాసు, నాకు కాగితం కప్పు. కంట్రోల్ రూములో ఏసీ ఆపేసి కిటికీలన్నీ తెరిచేశారు. దుమ్ము ఇంతెత్తున లోపలికొస్తంటే ఒక్కడూ మూయడు. నాతో డ్యూటీ చేసే నంద దగ్గరికెళ్ళి అడిగితే, వాడు నుంచుని, 'సార్, టీబీ అంట కదా, సెలవు పెట్టండి' అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఒరే, అది నాకు కాదురా, డిస్కులో అన్నాను."

"మంచిదేగా."

"ఏటి మంచిది! 'డిస్కులోకి పోయిందా సార్! మా మామకీ ఇలాగే వెన్నుపూసలోకి పోయింది, బెల్టు పెట్టుకుని ఏడాది పడుకున్నాడు' అని ఏడుపు మొహం పెట్టాడు."

మజ్జిగ గ్లాసు చేతికిచ్చాను. గాజు గ్లాసే.

"ప్రతివాడికీ చెప్పాను లలితా. మొదటి నుంచి, వరసగా. వింటారు. తలూపుతారు. 'అవును సార్, అవును సార్' అంటారు. మళ్ళీ కుర్చీ అంత దూరం జరుపుకుంటారు. తెలిసిన మాట చెప్తే కూడా నమ్మకపోతే మనిషి ఇంకేటి చేస్తాడు?"

"పాపం" అన్నాను.

ఎవరు పాపమో నేను చెప్పలేదు. ఆయన మజ్జిగ సగం తాగి గ్లాసు కింద పెట్టారు. గేటు దిమ్మె మీది ప్లాస్టిక్ డబ్బా కేసి కాసేపు చూశారు. తర్వాత ఏ సంబంధం లేనట్టుగా అడిగారు.

"ఆ అమ్మాయి ఎన్ని మెట్లు అంది?"

"మూడు."

పెన్సిలు తీసుకుని, పాత క్యాలెండరు కాగితం తిరగేసి, వరండాలో కూర్చున్నారు. వెయ్యిన్ని ఇరవై నాలుగుతో ఒకసారి భాగించారు. ఇంకోసారి. మూడోసారి. ఫోనులో క్యాలుక్యులేటరు ఉంది కానీ దాన్ని ఆయన సాక్ష్యంగా ఒప్పుకోరు. చాలాసేపటికి లోపలికొచ్చారు.

"తొమ్మిది వందల ముప్పై ఒకటే వస్తంది" అన్నారు, ఎవరి మీదో నేరం మోపుతున్నట్టు.

"అయితే ఏది పోయినట్టు?"

"అదే తెలీట్లేదు. లెక్క సరిపోయింది, సరుకు తగ్గింది. ఇది ఎలగ?"

"ఒక వానాకాలం మీరు సంతకం చేసిన రైలు విశాఖలో తగ్గిందని గొడవైంది, గుర్తుందా? మీరు కాగితాలు పట్టుకుని వెళ్ళారు. నేను పులిహోర కట్టిచ్చాను."

ఆయనకు పౌరుషం వచ్చింది. "తగ్గలేదే! ఎవరన్నారు తగ్గిందని? మేం తడి టన్నుల్లో తూచి పంపాం. ఆళ్ళు తేమ తీసేసి పొడి టన్నుల్లో చూసుకున్నారు. కుప్ప అదే. పలుగు కూడా పెట్టలేదు దాంట్లో. ఆళ్ళ టన్ను వేరు, మా టన్ను వేరు, రెండిటికీ పేరు మాత్రం..."

అక్కడ ఆగిపోయారు. నేను పోపు మాడుతోందని లోపలికి వెళ్ళాను. నిజానికి పొయ్యి మీద పోపు లేదు.

కాసేపటికి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కుదరదు. రాసిచ్చిందే. కానీ తూకంలో తకరారు వస్తే జాయింట్ తూకం అడగొచ్చు. ఇద్దరూ కాటా దగ్గర నిలబడాలి. ఆ అమ్మాయిని రేపు కంప్యూటరు తెచ్చుకోమని చెప్పు."

"మీరే చెప్పండి."

"నన్ను చూస్తే జనం రోడ్డు మారిపోతన్నారే!" అన్నారు. అదీ నిజమే.

శనివారం పొద్దున ఆయన ఆ డబ్బాలో బుద్ధిగా ఉమ్మి ఇచ్చారు. ఇవ్వకపోతే మీనా గేటు వదిలేలా లేదు. సాయంత్రం సమావేశానికి వెళ్తే, కమిటీ వరసలో ఆయనకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ ఖాళీగా ఉన్నాయి. గది నిండా జనం. వెనకవైపు నిలబడ్డ వాళ్ళు కూడా ఆ రెండు కుర్చీల్లో కూర్చోలేదు. రామతులసి ల్యాప్‌టాప్ గుండెకు హత్తుకుని నిలబడింది. ఆమె కూతురు తలుపు పక్కన గోడకానుకుని ఉంది.

అధ్యక్షుడు ఫిర్యాదు చదివి, "చెప్పమ్మా" అన్నాడు.

"నేను చెప్పేది చెప్పిన సార్. మూడు రోజులు చెప్పిన. ఇగ ఇదే చెప్తది" అని ల్యాప్‌టాప్ తెరిచి, మా ఆయన డిస్క్ తగిలించి, దాని వివరాలు తెర మీదికి తెచ్చింది. నీలం రంగు గుండ్రం బొమ్మ పైన ఒకే వరసలో రెండు అంకెలు. కుడివైపు తొమ్మిది వందల ముప్పై ఒకటి జీబీ. ఎడమవైపు, ఇన్నాళ్ళూ ఎవరూ చూడని, కామాలతో సాగిన ఒక పొడుగాటి అంకె, దాని పక్కన బైట్లు అని ఉంది.

మా ఆయన లేచి కళ్ళజోడు పెట్టుకుని దగ్గరకు వెళ్ళారు. ముందువరస వాళ్ళు వెనక్కి వాలారు. వ్యాగన్ల నంబర్లు చదివినట్టు వేలు పెట్టి ఒక్కొక్క అంకే చదివారు. కామాలు మన పద్ధతిలో లేవు కాబట్టి వాటిని మనసులో పీకి మళ్ళీ నాటుకున్నట్టున్నారు.

"లక్ష కోట్లు" అన్నారు చివరికి.

లక్ష కోట్లు అన్న మాట మా కాలనీలో టీవీ వార్తల్లో తప్ప వినపడదు.

"లక్ష కోట్ల బైట్లు. పైన ఇంకో ఇరవై కోట్లు చిల్లర. అది కొసరు." వెనక్కి తిరిగి కమిటీని చూశారు. "సరుకు పూర్తిగా ఉంది. కొసరు కూడా ఉంది. డబ్బా మీద తడి జీబీల్లో రాశారు, కంప్యూటరు పొడి జీబీల్లో చూపిస్తంది. పేరు ఒకటే, కొలత వేరు. తూకంలో తేడా లేదు."

"అంటే డిస్కులో నీళ్ళుంటాయా సార్?" అని ఎవరో వెనక నుంచి అడిగారు.

"ఉన్నాయనుకో" అన్నారు మా ఆయన, ఒక్క క్షణం ఆలోచించి.

నేను సరిచేద్దామనుకుని రామతులసి వైపు చూశాను. ఆమె నావైపు చూసింది. ఇద్దరం ఊరుకున్నాం. తప్పు పోలికతో తేలినా, గది గడువు గడువే.

అధ్యక్షుడు పొడిగింపు మీద సంతకం చేశాడు. మా ఆయన ఒక షరతు పెట్టారు, లేకపోతే ఆయన ఆయన కాదు. షాపులో రెండు లెక్కలూ బోర్డు మీద రాసిపెట్టాలి.

"గట్లనే రాస్త సార్" అంది రామతులసి. "నీళ్ళు ఎన్నున్నయో గూడ రాయాల్నా?"

మొదట నవ్వింది ఆమె కూతురు.

మీనా ఆ తర్వాత రెండు రోజులకు వచ్చింది. రిపోర్టు నెగెటివ్. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "దీదీ, అది కంప్యూటర్ డబ్బా అని ఆ రోజు నాకు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"బచేలీ సార్‌ని కూడా ఉమ్మించాం దీదీ! అక్కడి మితానిన్‌కి ఫోన్ చేసి మరీ. రెండు అన్నారని రెండుసార్లు ఉమ్మించింది." చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది, ఈసారి నవ్వాపుకోడానికి.

సమావేశంలో తేలినంత మాత్రాన షాపుకు కొనేవాళ్ళు తిరిగి రాలేదు. కాగితం మీది మాటను మా కాలనీ గౌరవిస్తుంది, కానీ కొనదు. ఆ సంగతి మా ఆయనకు నేను చెప్పకుండానే తెలిసింది. ఆ వచ్చిన ఆదివారం సంత వేళ, మార్కెట్ కిక్కిరిసి ఉన్నప్పుడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, "పద, కొత్తిమీర కొందువుగాని" అన్నారు. ఇంట్లో కొత్తిమీర ఉంది. వెళ్ళాను.

షాపు ముందు కొందరు ఇంకా తగాదాకే నిలబడ్డారు, చేతుల్లో పాత పెన్‌డ్రైవ్‌లు. ఆయన్ని చూసి దారి ఇచ్చారు, మర్యాదకో జాగ్రత్తకో తెలీదు. కొత్త బోర్డు గోడకు వేలాడుతోంది. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"అమ్మా రామతులసీ, రెండు టీ..." అని ఆగి, చుట్టూ చూసి, "రెండు వేల జీబీలది ఒకటి ఇయ్యి" అన్నారు.

"ఏందన్నరు సార్?" రామతులసి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "రెండు టీబీనా?"

"పేరెత్తకమ్మా. తడి లెక్కలో రెండు వేలు."

ఆమె డబ్బా తీసి చేతికిచ్చింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, పైకీ కిందికీ ఒకసారి ఆడించారు. మార్కెట్ అంతా చూస్తోంది. ఇంకోసారి ఆడించారు.

"సరిపోయింది" అన్నారు, సంత చివరి దాకా వినపడేలా.

వెనకనున్న పెద్దావిడ ముందుకు జరిగి, తన పాత పెన్‌డ్రైవ్‌ను ఆయన చేతిలో పెట్టింది. "ఇది కూడా ఒకసారి చూసి పెట్టు బాబూ."